అరవై యూనిట్ల కరెంటుతో ఎంత దూరం?

హైడ్రోజన్ కారు కూడా ఎలక్ట్రిక్ కారే. చక్రాలు తిప్పేది రెండింట్లోనూ మోటారే, ఆ మోటారుకు కావలసింది రెండింట్లోనూ కరెంటే. తేడా అంతా ఆ కరెంటు ఎక్కణ్ణుంచి అందుతుందన్న దగ్గరే ఉంది. బ్యాటరీ కారు ఇంట్లోనో దారిలోనో కరెంటు నింపుకుని బయల్దేరుతుంది. ఫ్యూయెల్ సెల్ కారు ట్యాంకులో హైడ్రోజన్ నింపుకుని, ప్రయాణంలోనే దాంతో కరెంటు తయారుచేసుకుంటుంది. టయోటా మిరాయ్‌లో హైడ్రోజన్ ట్యాంకులతో పాటు 1.24 యూనిట్లు పట్టే చిన్న లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వచ్చే శక్తిని దాచుకునేది, ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు ఆదుకునేది ఆ బ్యాటరీయే.

మన దగ్గర ఈ పోలిక చర్చలోకి వచ్చింది 2022 మార్చిలో. ఆ నెల 16న మిరాయ్‌ని భారతదేశపు రోడ్ల మీద, మన వాతావరణంలో పరీక్షించే కార్యక్రమం మొదలైంది. 30న కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ అదే కారులో పార్లమెంటుకు వచ్చారు. పొగ బదులు నీళ్లు వదిలే బండిని టీవీల్లో చూసిన చాలామందికి ఒక ఆలోచన కలిగింది. నాలుగైదేళ్లు ఆగితే అసలైన కారు వస్తుంది కదా, ఇప్పుడు బ్యాటరీ కారు కొని ఇరుక్కోవడం ఎందుకు? ఈ మాట నేటికీ వినిపిస్తూనే ఉంది. అలా ఆగినవాళ్లు ఖాళీగా ఉండరు, అవసరం కొద్దీ మరో పెట్రోలు కారు కొంటారు. వాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను. సొంత కారు వరకూ ఈ పోటీ ముగిసింది, బ్యాటరీ గెలిచింది. హైడ్రోజన్ చేయాల్సిన పని కొండంత ఉంది, కానీ అది కారులో లేదు.

అలాగని ఫ్యూయెల్ సెల్‌ని తక్కువచేసి చూడడం నాకిష్టం లేదు. దాని పనితీరు నిజంగా అందమైనది. పలుచని ప్లాస్టిక్ పొర ఒకటి, దానికి రెండు వైపులా ప్లాటినం రేణువులు పొదిగిన కార్బన్ పూత. ఒక వైపునుంచి వచ్చిన హైడ్రోజన్ ప్లాటినానికి తగలగానే ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. పొర ప్రోటాన్లను మాత్రమే దాటనిస్తుంది. ఎలక్ట్రాన్లు చుట్టూ తిరిగి వైరు గుండా పోవాలి. అలా పోతున్నంతసేపూ మోటారుకు కరెంటు అందుతుంది. అవతలి వైపు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అన్నీ నీరవుతాయి. ఒక్కో సెల్ ఒక వోల్టు కూడా ఇవ్వదు కనుక వందలకొద్దీ పేర్చాలి. ఇప్పటి మిరాయ్‌లో 330 సెల్స్ కలిసి 128 కిలోవాట్లు ఇస్తాయి. బ్రిటన్‌కు చెందిన విలియం గ్రోవ్ ఈ సూత్రాన్ని 1840 ప్రాంతంలోనే చేసి చూపాడు. 1965లో జెమిని వ్యోమనౌకకు, ఆ తర్వాత అపోలో నౌకలకు కరెంటు ఇచ్చింది ఫ్యూయెల్ సెల్సే. అపోలో వ్యోమగాములు తాగిన నీళ్లూ వాటిలోంచి వచ్చినవే. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశలో మన ఇస్రో కూడా 100 వాట్ల తరగతి ఫ్యూయెల్ సెల్‌ని కక్ష్యలో పరీక్షించింది. అంతరిక్షంలో ఖర్చుకు వెనకాడరు, బరువుకు వెనకాడతారు. అక్కడ దీనికి తిరుగులేదు.

రోడ్డు మీద కథ వేరేగా నడిచింది. జనరల్ మోటార్స్ 1966లో ఎలక్ట్రోవ్యాన్ పేరుతో ఫ్యూయెల్ సెల్ బండి కట్టింది. వెనక భాగమంతా ట్యాంకులు, గొట్టాలతో నిండిపోయి ఇద్దరు కూర్చునే చోటే మిగిలింది. తర్వాత దశాబ్దాల పాటు అది ప్రయోగశాలల్లోనే ఉండిపోయింది. 1990లో కాలిఫోర్నియా ప్రభుత్వం పొగ వదలని కార్లు అమ్మి తీరాలని కంపెనీలకు నిబంధన పెట్టాక బ్యాటరీ, హైడ్రోజన్ రెండు దారులూ మళ్లీ తెరుచుకున్నాయి. 2003 జనవరిలో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ హైడ్రోజన్ కార్ల పరిశోధనకు 120 కోట్ల డాలర్లు ప్రకటిస్తూ, ఆ రోజు పుట్టిన బిడ్డ పెద్దయ్యాక నడిపే మొదటి కారు హైడ్రోజన్‌దే కావచ్చని ఆశపడ్డారు. 2004లో కాలిఫోర్నియా గవర్నర్ ష్వార్జ్‌నెగ్గర్ హైడ్రోజన్ హైవే ప్రణాళికకు సంతకం చేశారు. అప్పటికి అది తెలివితక్కువ పందెమేమీ కాదు. లీజుకిచ్చిన బ్యాటరీ కారు ఈవీ1ని జనరల్ మోటార్స్ వెనక్కి తీసుకుంటున్న రోజులవి. లిథియం బ్యాటరీ ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు సరిపోయే ఖరీదైన వస్తువు.

ఆ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లే పందెం తిప్పేశాయని నేననుకుంటాను. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ సెల్‌కు ఎదగడానికి మెట్లు దొరికాయి. మొదట కెమెరా, తర్వాత ఫోన్, తర్వాత ల్యాప్‌టాప్. 2008లో వచ్చిన టెస్లా రోడ్‌స్టర్‌లో ల్యాప్‌టాప్ తరహా సెల్సే వేలకొద్దీ పేర్చారు. 2010 చివర్లో నిస్సాన్ లీఫ్ వచ్చింది. అప్పుడు ఒక యూనిట్ కరెంటు పట్టే బ్యాటరీ ప్యాక్ ఖరీదు వెయ్యి డాలర్లకు పైనే. 2024 నాటికి బ్లూమ్‌బర్గ్‌ఎన్‌ఈఎఫ్ సర్వేలో అది సగటున 115 డాలర్లకు దిగింది. ఫ్యూయెల్ సెల్‌కు అలాంటి మెట్లు లేవు. మొదటి కారు అమ్మాలంటేనే ముందు బంకు ఉండాలి, బంకుకి గ్యాసు తెచ్చే లారీ ఉండాలి, గ్యాసు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండాలి. 2014 డిసెంబరులో జపాన్‌లో మిరాయ్, 2018లో కొరియాలో హ్యుందాయ్ నెక్సో వచ్చాయి. రెండూ మంచి కార్లే. అయినా అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల్లో 2023 చివరికి ప్రపంచం మొత్తమ్మీద ఫ్యూయెల్ సెల్ వాహనాలు, బస్సులూ లారీలూ కలుపుకుని, తొంభై వేలకు లోపే. ప్లగ్‌కు తగిలించి ఛార్జి చేసుకునే కార్లు అప్పటికే నాలుగు కోట్లు.

అమ్మకాలను బట్టే తీర్పు చెప్పేయడం న్యాయం కాదు, నాసిరకం వస్తువు ఎక్కువగా అమ్ముడైన సందర్భాలు బోలెడు. అందుకే భౌతికశాస్త్రం దగ్గరికి వెళ్దాం. ఒక కిలో హైడ్రోజన్‌లో వాడుకోదగ్గ శక్తి 33 యూనిట్లు. మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే ఇవి. నీటిని విడగొట్టి ఆ కిలో తీయడానికి ఇవాళ్టి ఎలక్ట్రోలైజర్లకు 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. మామూలు పీడనంలో ఆ ఒక్క కిలో వాయువు దాదాపు 12 ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది, అంటే ఒక చిన్న గదంత. కారులో పట్టించాలంటే దాన్ని 700 బార్ల పీడనానికి అదమాలి. మన కారు టైర్లో గాలి రెండు బార్లకు కాస్త ఎక్కువ ఉంటుందంతే. వేగంగా నింపేటప్పుడు ట్యాంకు వేడెక్కుతుంది కనుక వాయువును మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచి పంపాలి. ఈ పనులకు మరో ఐదారు యూనిట్లు. మొత్తం అరవై యూనిట్లు పెడితే ట్యాంకులో ఒక కిలో చేరిందనుకోండి. మిరాయ్‌లో 5.6 కిలోలు పడతాయి, దాంతో అమెరికా ప్రభుత్వ పరీక్ష ప్రకారం 647 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే అరవై యూనిట్లతో మనం చేరిన దూరం 115 కిలోమీటర్లు.

అవే అరవై యూనిట్లను తీగల మీద పంపిద్దాం. లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్లలో, ఇంటి ఛార్జర్‌లో కలిపి నాలుగో వంతు పోయిందనుకుందాం. పైన హైడ్రోజన్‌ని లారీలో తెచ్చే ఖర్చు వేయలేదు కాబట్టి ఇది హైడ్రోజన్ వైపు మొగ్గి వేసిన లెక్కే. బ్యాటరీలోకి 45 యూనిట్లు చేరతాయి. మిరాయ్ అంతటి పెద్ద సెడాన్ వంద కిలోమీటర్లకు 17 యూనిట్లు తిన్నా 265 కిలోమీటర్లు వస్తుంది. నెక్సాన్ లాంటి చిన్న కారైతే మూడు వందలు దాటుతుంది.

రెండు రెట్లకు పైగా ఉన్న ఈ తేడా రేపు ఏదో కొత్త యంత్రం వస్తే చెరిగిపోయేది కాదు. బయటినుంచి వేడి అందించకుండా నీటిని విడగొట్టాలంటే కిలో హైడ్రోజన్‌కి 39 యూనిట్లకు తగ్గదు, అది ప్రకృతి గీసిన గీత. ఆ తర్వాత ఫ్యూయెల్ సెల్లోకి వెళ్లిన శక్తిలో దాదాపు సగం వేడిగా పోతుంది. కరెంటును రసాయనంగా మార్చి, మళ్లీ కరెంటుగా మార్చే ఈ తిరుగుడు దారిలో రెండు చోట్లా సుంకం కట్టక తప్పదు.

ఈ లెక్క మన దేశంలో ఇంకా గట్టిగా తగులుతుంది. మన గ్రిడ్‌లో ఇప్పటికీ బొగ్గుదే పెద్ద వాటా, యూనిట్‌కు సగటున 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. గ్రిడ్ కరెంటుతోనే హైడ్రోజన్ తీస్తే ట్యాంకులోని ప్రతి కిలో వెనక 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు. మిరాయ్ కిలోమీటరుకు 365 గ్రాములన్నమాట. అంత పెద్ద పెట్రోలు కారు వదిలేది 180, 190 గ్రాములు. అదే గ్రిడ్ మీద బ్యాటరీ కారు 160 గ్రాముల దగ్గర ఉంటుంది. ఇక్కడ బ్యాటరీ అభిమానులు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. బొగ్గు కరెంటు మీద పెట్రోలుకంటే వాళ్లకున్న ఆధిక్యం స్వల్పమే, సోలార్ వాటా పెరిగిన కొద్దీ పెరిగే ఆధిక్యం అది.

హైడ్రోజన్ వైపునుంచి ఇంకో వాదన వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ప్రపంచంలో నేడు తయారయ్యే హైడ్రోజన్ దాదాపు అంతా సహజ వాయువు, బొగ్గుల నుంచి వచ్చేదే. 2023లో 9.7 కోట్ల టన్నుల్లో తక్కువ కాలుష్యంతో తయారైనది ఒక్క శాతం కూడా లేదు. సహజ వాయువు నుంచి కిలో హైడ్రోజన్ తీస్తే పది కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదమడానికి వాడిన గ్రిడ్ కరెంటు కూడా కలిపితే కిలోమీటరుకు 120 గ్రాములు. బొగ్గు కరెంటుతో నడిచే బ్యాటరీ కారుకంటే ఇది నయమే కదా అంటారు. అంకె నిజమే, పోలిక సరికాదు. అదే గ్యాసును కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో కాలిస్తే యూనిట్‌కు 0.4 కిలో, బ్యాటరీ కారులో కిలోమీటరుకు 90 గ్రాములకు వస్తుంది. గోదావరి తీరాన గ్యాసు దొరక్క మూలపడ్డ విద్యుత్ కేంద్రాలను చూసినవాళ్లకు, ఆ గ్యాసును మరో కొత్త పనికి మళ్లించడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

జేబు సంగతి క్లుప్తంగా చూద్దాం. ఇంట్లో యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున ఛార్జి చేసుకుంటే, ఛార్జర్ నష్టం కలిపి వంద కిలోమీటర్లకు నూట అరవై రూపాయల లోపు. 2025లో పానిపట్ రిఫైనరీ కోసం ఇండియన్ ఆయిల్ పిలిచిన టెండరులో గ్రీన్ హైడ్రోజన్, అంటే కాలుష్యం లేని కరెంటుతో నీటినుంచి తీసిన హైడ్రోజన్, ధర కిలో 400 రూపాయలకు దగ్గరగా తేలింది. అది ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర. 700 బార్లకు అదమడం, లారీ కిరాయి, బంకు పెట్టుబడి, పన్ను ఇంకా దాని మీద పడాలి. గేటు ధరకే వంద కిలోమీటర్లకు 350 రూపాయలవుతుంది.

ఇక అందరూ మొదట చెప్పే ఐదు నిమిషాల సంగతి. హైడ్రోజన్ నింపడానికి ఐదు నిమిషాలు చాలు, బ్యాటరీకి గంటలు కావాలి అంటారు. కాగితం మీద ఈ మాట నిజం. కాలిఫోర్నియాలో ఆ మాట నమ్మి కార్లు కొన్నవాళ్లకు ఎదురైన అనుభవం వేరు. ఒక కారుకు నింపాక బంకులోని కంప్రెసర్ మళ్లీ పీడనం పెంచుకోవాలి, రెండో కారు అందాకా ఆగాలి. మైనస్ 40 డిగ్రీల వాయువు పారిన నాజిల్ మంచుపట్టి కారుకు అతుక్కుపోయిన సందర్భాలున్నాయి. 2019 జూన్ 1న శాంటా క్లారాలో హైడ్రోజన్ సరఫరా చేసే కేంద్రంలో పేలుడు జరిగితే ఉత్తర కాలిఫోర్నియాలో చాలా బంకులు వారాల తరబడి ఎండిపోయాయి. ధర మొదట్లో కిలో 13 నుంచి 16 డాలర్లుండేది, 2023 చివరికి 36 డాలర్లకు ఎగబాకింది. మిరాయ్ ట్యాంకు నింపడానికి రెండు వందల డాలర్లు. కొన్నవాళ్లకు టయోటా 15,000 డాలర్ల దాకా ఉచిత ఇంధనం కార్డు ఇచ్చింది కాబట్టి మొదట్లో ఎవరికీ నొప్పి తెలియలేదు. ఆ కార్డు అయిపోయాక తెలిసింది. 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ అక్కడి కార్ల హైడ్రోజన్ బంకులన్నీ మూసేసింది. బ్రిటన్‌లో 2022లోనే మూసేసింది. కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు, అక్కడి బంధువులను అడిగితే ఏ బంకు ఎన్నాళ్లు పనిచేసిందో చెప్తారు.

బంకులు ఎందుకు నిలదొక్కుకోలేదో అర్థం చేసుకోవడం ముఖ్యం. రోజుకు 200 కిలోలు ఇచ్చే బంకు ఐదేసి కిలోల చొప్పున నలభై కార్లకు సరిపోతుంది. దాన్ని కట్టడానికి సుమారు ఇరవై లక్షల డాలర్లు. నింపేందుకు వాయువును ట్యూబ్ ట్రైలర్లలో తేవాలి. నలభై టన్నుల లారీ మీద వచ్చే హైడ్రోజన్ మూడు నాలుగు వందల కిలోలే, మిగతా బరువంతా ఉక్కు సిలిండర్లది. ఒక పెట్రోలు ట్యాంకర్ తెచ్చే శక్తిని తేవడానికి పదికి పైగా ఇలాంటి లారీలు కావాలి. జనం కొనకపోతే బంకు నడవదు, బంకు లేకపోతే జనం కొనరు. ఈ ముడి విప్పడానికి జపాన్, కొరియా, జర్మనీ, కాలిఫోర్నియా ప్రభుత్వాలు ఏళ్ల తరబడి సబ్సిడీ పోశాయి. ముడి విడలేదు.

బ్యాటరీ కారుకు ఈ ముడి ఎదురవలేదు. గోడకు ప్లగ్ పాయింటు ఉంటే మొదటి కారు అమ్మొచ్చు. ఛార్జి కావడానికి పట్టే గంటలు రాత్రి మనం పడుకున్న గంటలే. హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్ల పైచిలుకు, నేటి మధ్యతరగతి బ్యాటరీ కార్లు ఒక్క ఛార్జితో చేరగలవు. తిరుపతికైతే మధ్యలో ఒకట్రెండు చోట్ల ఆగాలి, ఆగిన చోట ఛార్జర్ పనిచేయాలి. ఇక్కడ నాకూ కోపముంది. యాప్‌లో కనిపించే ఛార్జర్ తీరా వెళ్తే పనిచేయకపోవడం, పెట్రోలు కారు అడ్డంగా పెట్టి ఉండడం మన హైవేల మీద రోజూ జరిగేదే. అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ చోటుకి మీటరు వైరు లాగడానికి సంఘాలు పెట్టే పేచీలు మరొక బెడద. అద్దె ఇంట్లో ఉండేవాడికి, వీధిలో బండి పెట్టుకునేవాడికి ఇంట్లో ఛార్జింగ్ అనేది లేనే లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 చివరిదాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుం పూర్తిగా మాఫీ చేసింది, సంతోషం. ఆ మాఫీ అందుకోగలిగేది సొంత పార్కింగ్ ఉన్నవాళ్లేనన్నది నా బాధ. అయితే ఈ కష్టాలకు మందు మరిన్ని ప్లగ్ పాయింట్లు, మంచి నిర్వహణ. కొత్త భౌతికశాస్త్రం కనిపెట్టనక్కర్లేదు.

భయం గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే మన దగ్గర అది ఊహలోంచి పుట్టింది కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉంచిన కింది అంతస్తులో నిప్పు రాజుకుని, పొగ పైకెక్కి, పైన లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జరిగిన వరస ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల ప్రమాణాలను కఠినం చేసింది. లిథియం సెల్ ఒకసారి అదుపు తప్పితే ఆర్పడం కష్టం, ఆరిందనుకున్నాక మళ్లీ రాజుకోవచ్చు. హైడ్రోజన్ స్వభావం వేరు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకూ ఎంత కలిసినా అంటుకుంటుంది, పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు. తేలిక కాబట్టి ఆరుబయట చకచకా పైకి ఎగిరిపోతుంది, కప్పు కింద పోగైతే ప్రమాదం. కారులోని కార్బన్ ఫైబర్ ట్యాంకులు చాలా గట్టివి. ప్రమాదాలు ఎక్కువగా జరిగింది నింపే చోట, నిల్వ చేసే చోట. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో దగ్గరి సాండ్వికా బంకులో పేలుడుకు మూలం ట్యాంకు మూత బోల్టులు సరిగా బిగించకపోవడం. అదే ఏడాది మే నెలలో కొరియాలోని గాంగ్నంగ్‌లో ట్యాంకులోకి ఆక్సిజన్ చేరి పేలడంతో ఇద్దరు చనిపోయారు. రెండింటికీ ప్రమాదం ఉంది. కానీ 700 బార్ల కంప్రెసర్లను జాగ్రత్తగా నడిపే మనుషులు ప్రతి బంకులోనూ ఉండాలన్న షరతు హైడ్రోజన్‌కే ఉంది.

మన ఎండల గురించి ఎవరూ చెప్పని ఒక సంగతి ఉంది. పెట్రోలు ఇంజన్ తన వేడిలో చాలా భాగాన్ని పొగతో పాటు బయటికి పంపేస్తుంది. ఫ్యూయెల్ సెల్‌కు ఆ వెసులుబాటు లేదు. 80 డిగ్రీల దగ్గర నడిచే ఆ సెల్స్ వేడి దాదాపు అంతా రేడియేటర్ గుండానే పోవాలి. బయట 20 డిగ్రీలుంటే తేడా 60. మే నెలలో రామగుండంలో 45 ఉంటే తేడా 35కు పడిపోతుంది. అంత వేడిని వదిలించుకోవడానికి రేడియేటర్ పెద్దదవ్వాలి, లేదా ఘాట్ రోడ్డులో శక్తి తగ్గించుకోవాలి. ప్లాటినానికి కూడా సున్నితం ఎక్కువ. ఫ్యూయెల్ సెల్‌కిచ్చే హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ కోటి పాళ్లకు రెండు పాళ్లు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. లోపలికి పీల్చే గాలిలోని గంధకమూ దాన్ని పాడుచేస్తుంది, మన నగరాల గాలికి ఖరీదైన ఫిల్టర్లు కావాలి. వేడి బ్యాటరీలకూ శత్రువే, వాటి ఆయుష్షు తగ్గిస్తుంది. అయితే ద్రవంతో చల్లబరిచే ప్యాకులు, ఎనిమిదేళ్లు లేక 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీలు మన మార్కెట్లో ఇప్పటికే మామూలైపోయాయి.

ముడిసరుకు విషయంలో రెండూ పరాధీనమే. ప్లాటినంలో సింహభాగం దక్షిణాఫ్రికాది, బ్యాటరీ సెల్స్‌లో మూడొంతులకు పైగా చైనావి. చైనా మీద ఆధారపడడం గురించి కలవరపడేవాళ్ల ఆందోళన న్యాయమైనదే. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 2023 మేలో శంకుస్థాపన చేసిన గిగా కారిడార్, పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడితో 16 గిగావాట్-అవర్ల సెల్స్ చేయాలన్న లక్ష్యం, ఆ దిశగా వేసిన అడుగే. కోబాల్ట్, నికెల్ అక్కర్లేని ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఇప్పుడు మన కార్లలో విరివిగా వాడుతున్నారు.

అయితే పెద్ద బండ్ల మాటేమిటి? బస్సులకూ లారీలకూ హైడ్రోజనే దిక్కని పదేళ్ల కిందట చాలామంది నిపుణులు అనేవారు. ఇక్కడ తీర్పు ఇంకా పూర్తి కాలేదు, గాలి మాత్రం ఒకవైపే వీస్తోంది. ఫ్రాన్స్‌లో మోంపెలియే నగరం 2022 జనవరిలో 51 హైడ్రోజన్ బస్సుల కొనుగోలు రద్దుచేసుకుంది. కిలోమీటరుకు హైడ్రోజన్‌తో 95 సెంట్లు, కరెంటుతో 15 సెంట్లు అవుతుందని లెక్క తేలింది. జర్మనీలోని లోవర్ సాక్సనీ 2022లో అల్‌స్టామ్ హైడ్రోజన్ రైళ్లను గొప్పగా ప్రారంభించి, మరుసటి ఏడాదే ఇకపై కొనేవి బ్యాటరీ రైళ్లేనని నిర్ణయించుకుంది. హైడ్రోజన్ లారీల నికోలా కంపెనీ 2025 ఫిబ్రవరిలో దివాలా తీసింది. మన దగ్గర హైదరాబాద్ కంపెనీ ఒలెక్ట్రా 2023 ఫిబ్రవరిలో రిలయన్స్‌తో కలిసి హైడ్రోజన్ బస్సు చూపించింది, రోడ్ల మీద మనం ఎక్కుతున్నవి దాని బ్యాటరీ బస్సులే. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య నడుస్తున్నవి చూడండి. కొండ దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి, ఎక్కడానికి ఖర్చైన కరెంటులో కొంత తిరిగి బ్యాటరీలో వేస్తుంది. డీజిల్ బస్సు ఆ శక్తినంతా బ్రేకుల్లో కాల్చేసేది.

టయోటా, హ్యుందాయ్ మొండిగా ఉన్నాయంటే కారణం లేకపోలేదు. జపాన్, కొరియా ఇంధనం దిగుమతి చేసుకునే దేశాలు. ఎండా, చోటూ తక్కువ. ఎడారి దేశాల్లో సోలార్ కరెంటుతో తీసిన హైడ్రోజన్‌ని ఓడల్లో తెచ్చుకోవడం వాళ్ల దూరాలోచన. బీఎండబ్ల్యూ కూడా 2028లో ఫ్యూయెల్ సెల్ కారు తెస్తానంటోంది. మన పరిస్థితి అది కాదు. అనంతపురంలో, కర్నూలులో ఏడాది పొడవునా ఎండ, పక్కనే గ్రిడ్.

హైడ్రోజన్‌కి మన తీరంలోనే అసలు పని ఉంది. ఎరువుకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. అక్కడ బ్యాటరీ పనికిరాదు. రిఫైనరీలో గంధకం తీయడానికి కావాలి, బొగ్గు లేకుండా ఉక్కు చేయాలన్నా కావాలి. కాకినాడలో ఏఎం గ్రీన్ ఏడాదికి పది లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ఫ్యాక్టరీకి 2024 ఆగస్టులో తుది పెట్టుబడి నిర్ణయం తీసుకుంది. అందులోకి వెళ్లే హైడ్రోజన్ సుమారు 1.8 లక్షల టన్నులు. దానికి పట్టే కరెంటు దాదాపు వెయ్యి కోట్ల యూనిట్లు, అదీ ఒక్క ఫ్యాక్టరీకి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. ఇంత ఆకలి ఎదురుగా ఉండగా, తీగతో నేరుగా నడవగల కారుకు ఈ సరుకు పోయడం నాకు సమ్మతం కాదు. ఎరువుల ఫ్యాక్టరీలో వాడిన ప్రతి కిలో సహజ వాయువును ఆదా చేస్తుంది. కారులో పోసిన ప్రతి కిలో, బ్యాటరీ ఇంకా సులువుగా చేసే పనినే రెట్టింపు కరెంటుతో చేస్తుంది.

2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కూడా సొంత కార్ల జోలికి పోలేదు. 2025 మార్చిలో దాని కింద మంజూరైన ప్రయోగాల్లో 37 బస్సులూ లారీలూ, 9 బంకులూ ఉన్నాయి, ఖర్చు 208 కోట్లు. 15 బండ్లు ఫ్యూయెల్ సెల్‌వి, 22 హైడ్రోజన్‌ని ఇంజన్‌లో మండించేవి. ఎంపికైన దారుల్లో జాతీయ రహదారి 16 మీద విశాఖపట్నం, బయ్యవరం మధ్య దారి ఒకటి. ఇలాంటి ప్రయోగాలు జరగాలి, నేను వద్దనను. కానీ జెండా ఊపిన ఫోటోతో అవి ముగియకూడదు. కిలో హైడ్రోజన్ తీసి అదమడానికి బంకు మీటరులో ఎన్ని యూనిట్లు తిరిగాయి, ఆ కిలోతో నిండు బరువు మీద లారీ ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఏడాదిలో బంకు ఎన్ని రోజులు మూతపడింది, మే నెల మధ్యాహ్నం ఎంత శక్తి తగ్గింది, అదే దారిలో అదే బరువుతో ఒక బ్యాటరీ లారీ నడిపితే ఎంతయింది. ఈ అంకెలను నెలనెలా ప్రజల ముందు పెట్టాలి. డబ్బు ప్రజలది, దారి మనది. లారీ యజమానులు ఆ అంకెలు చూసి ఏ బండి కొనాలో తామే తేల్చుకుంటారు.